రాత్రి రెండు నుంచి ఎనిమిది దాకా

రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేవడం నాకు ఇంటర్ పరీక్షలప్పుడు కూడా అలవాటు లేదు. ముప్పై నాలుగేళ్ళొచ్చి, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక అలవాటైంది. అప్పట్లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండులో ఒక ప్లాను ఉండేది. రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత వాడుకున్నా లెక్కలోకి రాదు. పగలంతా మెగాబైట్లు లెక్కపెట్టుకుంటూ బిక్కుబిక్కుమంటూ వాడుకునేవాళ్ళమంతా ఆ టైముకి దెయ్యాల్లా లేచి కూర్చునేవాళ్ళం. కుర్రాళ్ళు సినిమాలు దించుకోడానికి లేచేవాళ్ళు. నేను తెలుగు వికీపీడియాలో ఒత్తులూ దీర్ఘాలూ దిద్దడానికి లేచేవాణ్ణి.

మా ఆవిడ మొదట్లో ఏదో రోగం అనుకుంది. తర్వాత రోగమే అని తేల్చుకుంది.

నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. 2006 చివర్లో ఒక ఆదివారం పుస్తకంలో తెలుగు వికీపీడియా గురించి చదివాను. ఎవరైనా రాయొచ్చట, ఎవరిదైనా దిద్దొచ్చట. నమ్మబుద్ధి కాలేదు. మా స్టాఫ్ రూములో నోటీసు బోర్డు మీద చాక్‌పీసుతో గీత గీస్తేనే ప్రిన్సిపాల్ గారు ఎవరు గీశారని ఆరా తీసేవారు. అలాంటిది ఎవరైనా రాయడమేమిటి? మర్నాడు సాయంత్రం బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్ళాను. గంటకి 15 రూపాయలు. తీరా తెరిస్తే తెర నిండా డబ్బాలు. అక్షరం ఉండాల్సిన చోటల్లా ఒక చదరపు డబ్బా, అగ్గిపెట్టెలు వరసగా పేర్చినట్టు. ఎక్స్‌పీలో తెలుగు కనపడాలంటే సెట్టింగుల్లో ఒక చోట టిక్కు పెట్టి విండోస్ సీడీ పెట్టాలి. ఆ సీడీ ఎక్కడుందో వెతకడానికి ఆ కుర్రాడికి రెండు వారాలు పట్టింది. మధ్యలో వెళ్ళినప్పుడల్లా "రేపు రండి సార్, రేపు పక్కా" అనేవాడు.

డబ్బాలు పోయి అక్షరాలొచ్చిన రోజు అందరూ చేసే పనే నేనూ చేశాను. మా ఊరి పేరు కొట్టాను.

మాది పెనుగంచిప్రోలు పక్కన, మున్నేటికి దగ్గర్లో ఉన్న పల్లె. పేరు ఇక్కడ రాయను. ఉంటుందనుకోలేదు. ఉంది. ఒక్క వాక్యం. ఫలానా గ్రామం, కృష్ణా జిల్లా, పెనుగంచిప్రోలు మండలానికి చెందిన గ్రామము. అంతే. కింద ఒక చిన్న పెట్టెలో ఇది మొలక అనీ, దీన్ని విస్తరించి సహాయపడండనీ ఉంది. అప్పటికి మా ఊరికి సరైన బస్సు లేదు. అలాంటి ఊరికి ఇక్కడ ఒక పేజీ, అదీ తెలుగులో. దాన్ని మొలక అన్న మనిషెవరో గానీ, రైతుబిడ్డనైన నాకు ఆ మాట సూటిగా తగిలింది. మొలకని చూసి నీళ్ళు పోయకుండా ఎలా పోతాం?

అప్పట్లో వికీలో నేరుగా తెలుగు కొట్టడం నాకు చేతకాలేదు. లేఖిని అనే వెబ్‌సైటు ఉండేది. పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే కింద పెట్టెలో తెలుగు వస్తుంది, దాన్ని తీసుకెళ్ళి వికీలో అతికించాలి. చిన్న ఎన్ కొడితే న, షిఫ్టు పట్టుకుని పెద్ద ఎన్ కొడితే ణ. ఎల్ కొడితే ల, షిఫ్టుతో ళ. ఏత్వానికీ ఓత్వానికీ షిఫ్టే. నొక్కడం మరిచిపోతే దీర్ఘం ఎగిరిపోతుంది. ఇక హైదరాబాద్‌లో అని రాయడం ఒక పెద్ద పరీక్ష. మామూలుగా కొడితే ద కింద ల ఒత్తు వచ్చి కూర్చునేది, పలకబోతే నోరు తిరిగేది కాదు. ఆ రెంటికీ మధ్య టోపీ లాంటి ఒక గుర్తు కొట్టాలని ఎవరో చెప్పేదాకా మూడు నెలలు హైదరాబాదులో అని రాసుకుంటూ గడిపేశాను. నిజానికి ఇప్పటికీ అదే బాగుంటుందనిపిస్తుంది. తెలుగు మాటకి చివర అచ్చు ఉంటేనే అందం.

మొదటి రోజు మా ఊరి పేజీలో మూడు వాక్యాలు రాశాను. "మా ఊరు చాలా అందమైన ఊరు. మా ఊళ్ళో పత్తి, మిర్చి బాగా పండుతాయి. మా ఊరి ప్రజలు చాలా మంచివారు." కింద నా పేరు, ఎమ్మెస్సీ అని డిగ్రీ, కాలేజీ పేరు. పత్రికకి ఉత్తరం రాసినట్టు సంతకం చేసి వచ్చాను. మూడో రోజు వెళ్ళి చూస్తే అందం పోయింది, మంచితనం పోయింది, నా పేరూ డిగ్రీ పోయాయి. "ఈ గ్రామంలో ప్రధాన పంటలు పత్తి, మిరప" అని ఒక్క ముక్క మిగిలింది. ఒళ్ళు మండింది. మా ఊరు మంచిది కాదంటానికి వీడెవడు?

పైన నారింజ రంగు పట్టీలో కొత్త సందేశాలున్నాయని కనపడింది. నొక్కితే నా చర్చ పేజీ. పెద్ద స్వాగతం, కింద నాలుగు లైన్లు. నమస్కారమండీ, మీ ఊరి గురించి రాసినందుకు సంతోషం, ఇక్కడ మనం పేజీలో సంతకం చెయ్యం, చర్చలో చేస్తాం, నాలుగు టిల్డేలు (~ గుర్తు) కొడితే పేరూ టైమూ వాటంతటవే వస్తాయి, మీ ఊళ్ళో బడి ఏ తరగతి దాకా ఉందో, తాగునీటికి ఏం చేస్తారో రాయగలరా అని అడిగారు. అడిగినాయన అమెరికాలో ఎక్కడో ఉంటారని తర్వాత తెలిసింది. మా ఊళ్ళో తాగునీటి సంగతి ఆ అమెరికా మనిషికెందుకు? కానీ అప్పటిదాకా మా ఊరి నీళ్ళ గురించి ఎలక్షన్లప్పుడు తప్ప ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం ఊరికి వెళ్ళి మంచినీళ్ళ బావులు లెక్కపెట్టుకొచ్చాను. అలా పడ్డాను.

మరో ఆరు నెలలకి ఇంట్లో కంప్యూటరు, బ్రాడ్‌బ్యాండు, రాత్రి రెండింటి అలారం.

ఆ వేళప్పుడు 'ఇటీవలి మార్పులు' పేజీ తెరవడమంటే తెల్లవారుజామున టీకొట్టు దగ్గరికి వెళ్ళడం. ఎవరెవరు లేచారో తెలిసిపోతుంది. కొత్త పేజీ అయితే పక్కన 'కొ', చిన్న మార్పైతే 'చి', బాటు, అంటే తనంతట తానే మార్పులు చేసే ప్రోగ్రాము, చేసిందైతే 'బా'. మనకి రాత్రైతే అమెరికావాళ్ళకి పగలు, కాబట్టి వాళ్ళు భోజనాల వేళ ఒకటో రెండో మార్పులు చేసి పోయేవాళ్ళు. గల్ఫ్‌లో ఉండే ఒకాయన అప్పుడే పడుకోబోతూ ఒక పురాణ పాత్ర పేజీకి వర్గం తగిలించి వెళ్ళేవారు. హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు సినిమా పేజీలు వరసగా పెడుతూ పోయేవాడు, ఏడాది, దర్శకుడు, తారాగణం, సంగీతం, మళ్ళీ ఇంకోటి. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసింది లేదు. ఇద్దరం ఒకేసారి ఒకే పేజీ మీద చెయ్యి వేస్తే 'దిద్దుబాటు ఘర్షణ' అని వచ్చేది. ఇరుకు సందులో రెండు సైకిళ్ళు ఎదురుపడ్డట్టు ఇద్దరం వెనక్కి తగ్గి, మీరు కానివ్వండంటే మీరు కానివ్వండని చర్చ పేజీలో రాసుకునేవాళ్ళం.

మాటలు పుట్టడం కూడా కళ్ళారా చూశాను. ఇంగ్లీషు వికీలో ఉన్న ప్రతిదానికీ తెలుగులో ఏదో ఒకటి అనాలి కదా. ఊరి పెద్దలు కూర్చునే చోటుని రచ్చబండ అంటాం కాబట్టి అందరూ చర్చించుకునే పేజీ రచ్చబండ అయింది. అచ్చు పోసినట్టు ఎక్కడ పడితే అక్కడ వాడే దాన్ని మూస అన్నారు. మొదట్లో సభ్యుడు అనేవాళ్ళం, తర్వాత వాడుకరి అయ్యాం. ఒకే పేరుతో నాలుగైదు విషయాలుంటే వాటిని విడదీసి చూపించే పేజీకి పెట్టిన పేరు 'అయోమయ నివృత్తి'. దాన్ని చూసి మా ఆవిడ, "మీకు కావలసింది ఇదేనండీ, రోజుకి రెండు పూటలా వేసుకోండి" అంది.

గొడవలు లేవని కాదు. నవంబర్ అనాలా నవంబరు అనాలా అన్నదాని మీద పెద్దపెద్దవాళ్ళు, ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళు, ఎంత రాసుకున్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కులాల పేజీల జోలికి నేను వెళ్ళలేదు, హీరోల పేజీల జోలికి అసలే వెళ్ళలేదు. 'గారు' మీద జరిగిన పేచీ మాత్రం మా ఇంట్లోకే వచ్చింది. వ్యాసంలో ఎవరికీ గారు పెట్టకూడదు, శ్రీ పెట్టకూడదు, జన్మించారు కాదు జన్మించాడు అనాలి. విజ్ఞాన సర్వస్వం ఎవరికీ దణ్ణం పెట్టదు అన్నది వాదన. చర్చ పేజీల్లో మాత్రం పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి కూడా గారూ అనే పిలుస్తాం. మహాత్ముడికి గారు లేదు, నిన్న ఖాతా తెరిచినవాడికి ఉంది!

ఒక సంక్రాంతికి మా నాన్న వచ్చి నా వెనక కుర్చీ వేసుక్కూర్చున్నాడు. టంగుటూరి ప్రకాశం పేజీ తెరిచి ఉంది. 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించాడు అని చదివాడు. "జన్మించాడేంట్రా? నీ క్లాసులో పిల్లకాయా? పంతులు గారిని పట్టుకుని!" నేను వికీ పద్ధతి వివరించాను. ఆయన విన్నాడు గానీ ఒప్పుకోలేదు. "మరి మన లక్ష్మణరావు గారినీ ఇట్టాగే రాశారా?" అనడిగాడు.

మన లక్ష్మణరావు గారంటే కొమర్రాజు లక్ష్మణరావు. పెనుగంచిప్రోల్లో 1877లో పుట్టారు, అంటే మా పక్కూరాయన. (చూశారా, ఇక్కడ నాకు గారు అడ్డం లేదు.) 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, ఆ తర్వాత తెలుగులో మొట్టమొదటి విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నారు. అకారాది క్రమంలో లోకంలోని సంగతులన్నీ తెలుగులో రాయించాలని. ఆయన బతికుండగా వచ్చిన సంపుటాలు అ అక్షరంలోనే ఉన్నాయి. 1923లో మద్రాసులో పోయారు, నలభయ్యారేళ్ళకే. తర్వాత ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పని కొంత ముందుకి తీసుకెళ్ళారు గానీ క్షకారం దాకా ఎవరూ చేర్చలేకపోయారు. రాత్రి మూడింటికి ఎప్పుడైనా నిద్రొస్తే నాకు ఈ సంగతే గుర్తొచ్చేది. పక్కూరి మనిషి 'అ' దాటకుండా పోయాడు, మనకి ఏ అక్షరం నుంచైనా మొదలుపెట్టే వెసులుబాటు ఉంది, పైగా అచ్చు ఖర్చు లేదు.

ఆ సంక్రాంతి రాత్రే నాన్న ఇంకో సంగతి చెప్పాడు. మా ఊరి చెరువు కట్ట మీద రావిచెట్టు దగ్గర ఒక చోటుని పెద్దవాళ్ళు బండ్లకట్ట అంటారు. ఎందుకంటారో నాకు తెలీదు, అడగాలనీ తోచలేదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకి పైఊళ్ళ నుంచి వచ్చే ఎడ్లబండ్లు రాత్రికి అక్కడ ఆగేవట. చెరువులో ఎడ్లకి నీళ్ళు పట్టి, కట్ట మీద వంటలు చేసుకుని, తెల్లారుజామున మళ్ళీ కట్టుకుని పోయేవాళ్ళట. నాన్న చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఆ బండ్లవాళ్ళకి మజ్జిగ పట్టుకెళ్ళేదట. ఎన్ని బండ్లు ఆగేవి నాన్నా అంటే, "లెక్కెవరు పెట్టారురా, కాడి దించిన చోటల్లా పేడే" అన్నాడు.

ఆయన పడుకున్నాక, రెండున్నర దాటాక, ఆ సంగతి మా ఊరి పేజీలో ఎక్కించాను. భద్రపరచు నొక్కేసరికి 2:40. అప్పట్లో వికీ గడియారం మనకన్నా ఐదున్నర గంటలు వెనక నడిచేది కాబట్టి నా మార్పు ముందురోజు 21:10కి చేసినట్టు నమోదైంది. పొద్దున్నే నాన్నకి చూపిస్తే కళ్ళజోడు సరిచేసుకుని రెండుసార్లు చదివాడు. టైము చూసి, "నేను నీకు చెప్పకముందే రాసేశావా?" అన్నాడు.

వారం తిరక్కుండా ఆ వాక్యం చివర ఒక బుడిపె మొలిచింది. 'ఆధారం చూపాలి.'

పెట్టింది వేరెవరో కాదు, నాకు స్వాగతం చెప్పిన అమెరికా ఆయనే. నేను చర్చ పేజీలో రాశాను, ఇది మా నాన్నగారు స్వయంగా చెప్పారండీ, ఆయనకి డెబ్భై ఏళ్ళు, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగారు అని. ఆయన జవాబు మర్యాదగానే ఉంది. మీ నాన్నగారి మాట మీద నాకు అనుమానం లేదండీ, కానీ చదివేవాళ్ళకి మీ నాన్నగారు తెలీదు కదా, ఎక్కడైనా అచ్చులో ఉంటే చెప్పండి, చేరుద్దాం. నేను ఫోనులో నాన్నకి చెప్పాను. "ఎవరతను? మన ఊరొచ్చాడా ఎప్పుడైనా?" అన్నాడు. రాలేదు నాన్నా, అమెరికాలో ఉంటాడు. "అక్కణ్ణుంచి మన చెరువు కట్ట మీద బండ్లు ఆగలేదని ఎట్టా చెబుతాడు?" ఆగలేదని అనట్లేదు నాన్నా, ఆగినట్టు కాయితం కావాలంటున్నాడు. కాసేపు మాట్లాడలేదు. "మజ్జిగ పోసినందుకు రసీదు రాయించుకోవాలని మా నాయనమ్మకి తెలీదురా" అన్నాడు.

నందిగామ లైబ్రరీలో వెతికాను. జిల్లా చరిత్ర పుస్తకాలు రెండు మూడు తిరగేశాను. పెద్ద పెద్ద గుళ్ళూ శాసనాలూ ఉన్నాయి గానీ మా చెరువు కట్ట ఎక్కడా లేదు. ఏడాది పైగా ఆ బుడిపె అలాగే ఉండి, ఒక రోజు వాక్యం మొత్తం పోయింది. తీసేసింది ఇంకెవరో. తిరిగి పెట్టే చొరవ నేను తీసుకోలేదు. ఎందుకంటే అప్పటికి నేనూ అదే పని చేస్తున్నాను. పక్క మండలాల ఊళ్ళ పేజీల్లో ఈ ఊరి ప్రముఖులు అని శీర్షిక పెట్టి ఎవరి పేరు వాళ్ళు రాసుకునేవాళ్ళు, వాళ్ళ బావమరిది పేరు కూడా. తాతగారు రెండొందల ఎకరాలు దానం చేశారని రాసేవాళ్ళు. అవన్నీ తీసేసేవాణ్ణి, లేదా బుడిపె పెట్టేవాణ్ణి. అందులో ఎంతమంది నాన్నలు ఉన్నారో నాకు తెలీదు.

ఆ ఊపులోనే ఒకసారి ఘోరం చేశాను. ఒక పగటి పూట స్టాఫ్ రూములో కూర్చుని ఇటీవలి మార్పులు చూస్తున్నా. పండుమిరపకాయ పచ్చడి పేజీలో ఎవరో ఖాతా లేకుండా, ఒట్టి అంకెల పేరుతో, మార్చారు. అప్పట్లో వంటకాల పేజీల్లో చేసే పద్ధతి కూడా రాసేవాళ్ళం. కాయలకి తొడిమలు తీసి బాగా కడగాలి అని నేనే ఎప్పుడో రాశాను. ఆ అంకెల మనిషి దాన్ని తిప్పి, తొడిమలతోనే కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, అప్పుడు తొడిమలు తీయాలి, లేకపోతే కాయలోకి నీళ్ళు చేరి పచ్చడి బూజు పడుతుంది అని రాశారు. నేను మూలం లేదని ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పేశాను. సాయంత్రం ఇంటికెళ్తే మా ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది, మొహం ఎర్రగా. "ఏమండీ, మీ వికీలో పచ్చడి తప్పు రాసుంటే సరిచేశాను. ఎవడో పనిలేనివాడు తీసేశాడు. వాడి పెళ్ళాం వాడికి ఎప్పుడూ పచ్చడి పెట్టినట్టు లేదు."

ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో పచ్చడి తింటున్నవాణ్ణి. నీళ్ళు నమిలాను. ఆ రాత్రి రెండింటికి లేచి ఆవిడ వాక్యాన్ని పూర్వస్థితికి తెచ్చాను. సారాంశం పెట్టెలో 'క్షమించాలి' అని రాశాను. అది నేనేనని ఆవిడకి మూడేళ్ళ తర్వాత చెప్పా. ఇప్పటికీ చుట్టాలొచ్చినప్పుడల్లా చెబుతుంది.

తర్వాత కొన్నాళ్ళు వేరే వరద వచ్చింది. 2009, 2010 ప్రాంతాల్లో ఒక పెద్ద కంపెనీ వాళ్ళు ఇంగ్లీషు వ్యాసాలని యంత్రం సాయంతో తెలుగు చేయించి పెట్టించారు. ఒక్కో వ్యాసం మైలు పొడుగు. మనకి తెలీని మందులు, విదేశీ పాటగాళ్ళు, ఎక్కడెక్కడివో కంపెనీలు. కర్త మొదటి లైన్లో ఉంటే క్రియ ఐదో లైన్లో దొరికేది. మధ్యలో ఏది దేనికి అతికిందో తెలీక, ఒక పేరా బాగుచేయడానికి ఒక రాత్రి పట్టేది. డబ్బు తీసుకుని రాసినవాళ్ళు మళ్ళీ వచ్చి చూసేవాళ్ళు కాదు, చర్చ పేజీలో అడిగితే జవాబుండేది కాదు. తప్పు రాయడం మాకు కొత్త కాదు. తప్పు రాసి తలుపేసుకుని వెళ్ళిపోవడమే కొత్త. వాటిలో కొన్నింటిని బతికించాం, కొన్నింటిని వదిలేశాం.

2014 ఫిబ్రవరిలో విజయవాడ కేబీఎన్ కాలేజీలో తెవికీ, అంటే తెలుగు వికీపీడియా, దశాబ్ది ఉత్సవాలు. నందిగామ నుంచి బస్సులో వెళ్ళాను, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు గుండె కొట్టుకుంటూనే ఉంది. మెడలో కార్డు మీద అసలు పేరు, దాని కింద వాడుకరి పేరు. అందరూ ముందు మొహాలు కాదు, కార్డులే చూసుకుంటున్నారు. "మీరేనా!" అన్న మాట ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో. నాతో నవంబరు కోసం కొట్లాడిన మనిషి నేననుకున్నట్టు యాభై ఏళ్ళ పండితుడు కాదు, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. నేను బాబూ బాబూ అని చర్చల్లో బుజ్జగించిన వాడుకరి రిటైరైన పెద్దాయన, చేతికర్రతో వచ్చారు. "మీరు నన్ను బాబూ అంటుంటే బాగుండేదండీ, మా అమ్మ పోయాక ఎవరూ అనలేదు" అన్నారు. నాకెక్కడ దాక్కోవాలో తెలీలేదు. వికీలో బాగా పనిచేసినవాళ్ళకి ఇచ్చే పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు పేరు పెట్టారు. నాన్నకి ఫోను చేసి చెప్పాను. "పేరు పక్కన గారు పెట్టారా?" అనడిగాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పు గిన్నె పట్టుకుని ఒకాయన నా కార్డు చూసి ఆగారు. స్వాగతం చెప్పిన అమెరికా ఆయన. సెలవు పెట్టి వచ్చారట. నేను నమస్కారం పెట్టేలోపు ఆయనే అన్నారు, "మీ నాన్నగారు బాగున్నారా? ఆ బండ్లకట్టకి ఏమైనా దొరికిందా?" ఆరేళ్ళయింది ఆ మాట జరిగి. ఎన్ని వేల పేజీలు దిద్ది ఉంటారు ఆ మనిషి. దొరకలేదండీ అన్నాను. "నాకూ దొరకలేదు" అన్నారు. అంటే ఆయన కూడా వెతికారన్నమాట.

ఆ జూన్ 2న రాష్ట్రం రెండైంది. తెలంగాణ ఊళ్ళ పేజీలన్నిట్లో రాష్ట్రం పేరు మార్చడం మొదలైంది. రోడ్ల మీద ఎన్ని మాటలు అనుకున్నా, రచ్చబండలో ఇటువాళ్ళూ అటువాళ్ళూ కూర్చుని ఏ మండలం ఎటు పోయిందో, ఏ మూస ఎలా విడగొట్టాలో రాసుకున్నారు. పుల్లవిరుపులు లేకపోలేదు. పని మాత్రం ఆగలేదు. అది అయిందనుకునేలోపు 2016 దసరాకి తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. మళ్ళీ వేల పేజీలు. 2022 ఏప్రిల్ 4న మనవైపు 13 జిల్లాలు 26 అయ్యాయి. మా పెనుగంచిప్రోలు మండలం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. మా ఊరి పేజీ మొదటి వాక్యంలో కృష్ణా జిల్లా అన్న మాట చెరపాల్సొచ్చింది. బాటు చేసేసేదే, కానీ అది మా ఊరి దాకా రాకముందే నేనే మార్చాను. ఆ ఒక్కటీ యంత్రానికి వదలబుద్ధి కాలేదు.

ఇప్పుడు తెవికీలో లక్షకి పైగా వ్యాసాలున్నాయి. ఫోనులోనే తెలుగు కొట్టొచ్చు, నోటితో చెప్పినా రాసేస్తుంది. ఇరవై నాలుగు గంటలూ నెట్టు. అలారం అక్కర్లేదు. అయినా నేను రాయడం తగ్గింది, నెలకి పదో పదిహేనో మార్పులు. కళ్ళు సహకరించవు, పైగా పాత పేర్లు ఇటీవలి మార్పుల్లో కనపడవు. కొత్త పిల్లలు చాలా చురుగ్గా ఉన్నారు. మొన్న ఒక అమ్మాయి నేను రాసిన పేజీలో రెండు దీర్ఘాలు దిద్ది, గారూ, ఏమీ అనుకోకండి అని చర్చ పేజీలో రాసింది. ఏమీ అనుకోలేదు తల్లీ అని రాయబోయి, నాలుగు టిల్డేలు కొట్టి, ధన్యవాదాలు అని మాత్రం రాశాను.

నాన్న పోయి ఆరేళ్ళయింది. చెరువు కట్ట వెడల్పు చేసినప్పుడు రావిచెట్టు కొట్టేశారు, బండ్లకట్ట అంటే మా ఊళ్ళో ఇప్పటి పిల్లలకి తెలీదు. వికీ పేజీలోనూ లేదు. కానీ పైన 'చరితం' అని, పేజీలో జరిగిన పాత మార్పులన్నీ చూపించేది ఉంటుంది కదా, అది నొక్కి కిందకి, బాగా కిందకి పోతే, 2008 జనవరి, ఆ సంక్రాంతి రాత్రి. ఆ పాత కూర్పు తెరిస్తే వాక్యం అలాగే ఉంది. తిరునాళ్ళకి పోయే ఎడ్లబండ్ల వాళ్ళు ఈ కట్టపై రాత్రికి ఆగి పడుకునెవారు. నిద్రమత్తులో షిఫ్టు నొక్కలేదు, 'నే'కి దీర్ఘం పోయింది. ఎన్ని వేల దీర్ఘాలు దిద్దానో, ఆ ఒక్కటి మాత్రం దిద్దడానికి కుదరదు. పాత కూర్పులని ఎవరూ మార్చలేరు.